పాలసీలోకి అత్తయ్య

నాకు సంతోషం వస్తే కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఆ రోజు గుంటూరులో మా కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో సీట్లోంచి లేచి వరండాలోకి వెళ్లాను, మళ్లీ వచ్చాను, మళ్లీ వెళ్లాను. ఏమైందమ్మా అని మేనేజరు గారు అడిగితే, నా హెల్త్ పాలసీలోకి మా ఇంట్లో అందరినీ చేర్చుకోవచ్చట సార్ అన్నాను. ఓస్ ఇంతేనా అన్నట్టు చూసి ఆయన మళ్లీ తన ఫోన్లో పడిపోయారు. ఆయనకేం తెలుసు.

ఆ పాలసీ పెళ్లికి ముందు నేను కట్టుకున్నది. అందులో నేనొక్కదాన్నే. ఏటా రెన్యువల్ చేసినప్పుడల్లా ఆ కార్డు మీద నా ఫోటో ఒక్కటే బిక్కుబిక్కుమంటూ కనిపించేది. మా అన్నయ్య మాత్రం అమ్మనీ నాన్ననీ ఎప్పుడో తన పాలసీలో చేర్చేసి, ఆ మాట ప్రతి ఫంక్షన్‌లోనూ నా చెవిన వేసేవాడు. అందుకే ఈసారి రెన్యువల్ కోసం ఫోన్ చేసిన ఏజెంటావిడ, మీ ఆయన్నీ పాపనీ చేర్చుకోవడమే కాదు, అత్తమామల్ని కూడా చేర్చుకోవచ్చండీ అనగానే నేను గాల్లో తేలిపోయాను. ఇది మామూలు విషయమేగా అని మీరనుకోవచ్చు. మా అత్తగారింట్లో అప్పటిదాకా ఇన్సూరెన్స్ ఉన్నది ఒక్క ట్రాక్టరుకే.

అత్తయ్య, మామయ్య, పెళ్లి కావలసిన మా ఆడపడుచు సత్తెనపల్లి దగ్గర పల్లెలో ఉంటారు. ఆడపడుచును మాత్రం ఈ పాలసీలోకి తీసుకోరట. మిరప, పత్తి వేస్తారు. మేము నల్లపాడులో అద్దెకుంటూ ఆదివారాలు అక్కడికి వెళ్తాం. ఆ ఆదివారం ఫోటోలు తీయడానికని వెళ్తే ఇల్లంతా పెళ్లివారి ఇల్లులా తయారైంది. పాలసీకి పాస్‌పోర్ట్ ఫోటో చాలని చెబితే అత్తయ్య వినలేదు. పట్టుచీర కట్టి, తల్లో పూలు పెట్టుకుని, సున్నం వేసిన గోడ ముందు నిలబడ్డారు. మామయ్య పొద్దున్నే గడ్డం గీయించుకుని వచ్చి, కండువా ఉంచాలా తీయాలా అని నన్ను అడిగారు. ఆయన నన్ను ఒక విషయంలో సలహా అడగడం అదే మొదటిసారి. మా పాప ఫోటోకి నాలుక బయట పెడితే, ఆస్పత్రిలో ఈ నాలుకే చూపిస్తారే నీకు అని మా ఆయన భయపెట్టాల్సొచ్చింది. ఇంటికొచ్చాక ఆ ఫోటోలన్నీ వరసగా పెట్టి చూసుకుంటూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

ఇక మిగిలింది డాక్టరు ఫోన్. పెద్దవాళ్లతో కంపెనీ తరఫున ఒక డాక్టరు ఫోన్లో మాట్లాడి ఆరోగ్యం సంగతులు కనుక్కుంటారట, చేర్చుకునేదీ లేనిదీ దాన్నిబట్టి తేలుస్తారట. అత్తయ్యకు ఆ మాటే చెప్పి, అడిగినదానికి జవాబు చెబితే చాలండీ అన్నాను.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. అత్తయ్యకు షుగర్ ఉంది, బీపీ కూడా ఉంది. ఇది ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మా ఆడపడుచుకు సంబంధాలు చూస్తున్నారు. పెళ్లి కావలసిన పిల్ల ఉన్న ఇంట్లో జబ్బు పేరెత్తకూడదని మా వైపు చాలామంది పట్టింపు. తల్లికి షుగరట, రేపు పిల్లకీ వస్తుందట అని ఊళ్లో నలుగురూ అనుకుంటే గుమ్మం దాకా వచ్చిన సంబంధం వెనక్కి పోతుందని అత్తయ్య భయం. అందుకని ఊళ్లో మందుల షాపు ఉన్నా ఆవిడ మాత్రలు సత్తెనపల్లి నుంచి వస్తాయి. ఎవరింటికన్నా వెళ్లి కాఫీ ఇస్తే, నాకు తీపి పడదమ్మా అంటారు. మొహమాటానికి తాగేసిన రోజులూ ఉన్నాయి.

డాక్టరు ఫోన్ చేసేసరికి అత్తయ్య కల్లంలో ఉన్నారు. మార్చి ఎండలకు కల్లం నిండా పరదాలు పరిచి మిరపకాయలు ఆరబోస్తే చూపు ఆనినంత మేరా ఎరుపే. కూలికొచ్చిన ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలు ఏరుతుంటారు, అంటే తెల్లబడిపోయిన కాయల్ని తీసి పక్కన పోస్తుంటారు. కల్లంలో చెప్పులు వేసుకోకూడదు. పంటను చెప్పుకాళ్లతో తొక్కడమంటే మామయ్యకు ప్రాణం పోయినంత పని. ఒకసారి సరుకు చూడ్డానికొచ్చిన వ్యాపారి బూట్లతో పరదా మీద కాలు పెట్టబోతే, సరుకు అమ్మకపోయినా ఫర్వాలేదు, అవి విప్పి రండి అన్నారు. నేను కల్లంలోకి దిగితే పరదా వేడికి, కాయ ఘాటుకి కుప్పిగంతులు వేస్తాను. అత్తయ్య మాత్రం మిట్టమధ్యాహ్నం ఈ చివర నుంచి ఆ చివరకు కాళ్లతో కాయ తిరగేస్తూ నింపాదిగా నడిచి వెళ్తారు. ఆవిడ పాదాలకు ఎండ కూడా భయపడుతుందని నేను మా పుట్టింట్లో అందరికీ గొప్పగా చెప్పేదాన్ని.

డాక్టరుతో మాట్లాడగానే అత్తయ్య నాకు ఫోన్ చేశారు. గొంతు ఖంగుమంటోంది.

"పాసయ్యాం అమ్మాయ్. షుగరుందా అంది, లేదన్నాను. బీపీ ఉందా అంది, లేదన్నాను. మందులేమన్నా వాడతారా అంది, తలనొప్పికి కూడా మాత్ర ఎరగనన్నాను. కూలోళ్లంతా చెవులప్పగించి వింటున్నారు కదా మరి."

పెళ్లిచూపులకొచ్చిన వాళ్లకు చెప్పినట్టే కంపెనీ డాక్టరుకూ చెప్పేశారు ఆవిడ. కోపం వచ్చింది కానీ ఎవరి మీద చూపించను? ఏజెంటావిడకు ఫోన్ చేస్తే ఆవిడ కంగారుపడింది. పాలసీ ఇంకా రాలేదు కాబట్టి ఇప్పుడే సరిచేయించండి, రేపు ఆస్పత్రిలో చేరితే పాత రిపోర్టులన్నీ అడుగుతారు, దాచినట్టు తేలితే పైసా రాదు అంది. ఉన్నది ఉన్నట్టు చెబితే చేర్చుకుంటారా అని అడిగాను. చేర్చుకోవచ్చు, మీ అత్తగారొక్కరినీ వదిలేయనూ వచ్చు, నేను మాటివ్వలేను అంది.

నా సంబరమంతా అక్కడ ఆగిపోయింది. చెబితే అత్తయ్యను వద్దనవచ్చు. చెప్పకపోతే పేరుకు చేర్చుకున్నా అక్కరకు రాదు. అందరినీ చేర్చి ఆవిడ ఒక్కరినీ బయట నిలబెట్టడం నావల్ల కాదు, ఎందుకంటే పట్టుచీర కట్టుకుని ఫోటో దిగింది ఆవిడే.

సాయంత్రం ఆఫీసు నుంచి అటే బస్సెక్కి ఊరెళ్లాను. కాఫీ కూడా తాగకుండా విషయమంతా చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పినట్టున్నాను, మామయ్య టీవీ ఆపేశారు. పిల్ల పెళ్లి అయ్యేదాకా ఆగితే ఏం పోయిందని అత్తయ్య. అప్పటిదాకా జబ్బు ఆగుతుందా అని నేను. ఇంతలో మా ఆడపడుచు వచ్చి వాళ్లమ్మ పక్కన కూర్చుంది. దాచి తెచ్చే సంబంధమైతే తనకొద్దని, పెళ్లయ్యాక కూడా అమ్మ మాత్రలు దాచుకుంటూ బతకడం తనవల్ల కాదని చెప్పింది. ఎప్పుడూ నవ్వుతూ తిరిగే పిల్ల, ఆ మాట అన్నప్పుడు నవ్వలేదు.

అత్తయ్య చీర కొంగు మడతపెట్టారు. తర్వాత నన్నడిగారు, ఇప్పుడు ఊరుకుని తర్వాత చూస్తారా వాళ్లు అని. ఆస్పత్రి మెట్టెక్కినప్పుడే చూస్తారండీ, అన్నీ తీసి చూస్తారు అన్నాను.

"అంటే టిక్కీ కోసి చూస్తారన్నమాట" అన్నారు ఆవిడ.

టిక్కీ అంటే మిరపకాయల బస్తా. గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు పైన కనిపించే కాయను నమ్మడు, బస్తా కోసి లోపలి కాయ చూస్తాడు. పైన ఎర్రకాయ పోసి అడుగున తాలు దాచిన రైతు సరుకు మొత్తానికి ధర పడిపోతుంది. మా ఇంటి టిక్కీలో పైన ఏ కాయో కిందా అదే కాయ. అలా నింపించేది అత్తయ్యే. యార్డులో మామయ్య సరుకుకున్న పేరంతా ఆవిడ చేతి చలవ.

"సరే, మళ్లీ చెయ్యమను ఆ డాక్టర్ని" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు.

రెండో ఫోన్ ఆదివారానికి పెట్టించాను. ఆ పొద్దున గదిలో ఫ్యాన్ వేసి, కుర్చీ వేసి, తలుపు దగ్గరగా వేసి అంతా సిద్ధం చేశాను. అత్తయ్య ఆ గదిలోకి రానే లేదు. నేను కల్లంలోకి వెళ్లి పిలిస్తే, కూలివాళ్ల మధ్యలో నిలబడి ఫోన్ కోసం చెయ్యి చాపారు.

"లేదని ఇక్కడే చెప్పాను. ఉందని కూడా ఇక్కడే చెబుతాను. ఆ స్పీకరేదో పెట్టు."

పెట్టాను. పరదా అంచున మామయ్య గోనెసంచులు దులుపుతూ ఆగిపోయారు. అవతల డాక్టరమ్మాయి పేరూ వయసూ అడిగి, షుగర్ ఉందా అని అడిగింది. ఉందమ్మా, మొన్న అబద్ధం చెప్పాను అన్నారు అత్తయ్య. తాలు ఏరుతున్న చేతులన్నీ ఆగాయి. బీపీ ఉందన్నారు, మాత్రల రంగులు చెప్పారు, చిన్నప్పుడు తేలు కుట్టిన సంగతి కూడా చెప్పారు. ఒక్కొక్కటి చెప్పేకొద్దీ ఆవిడ గొంతు పెరుగుతోంది. వరసలో కూర్చున్న ఒకామె, అక్కా నాకూ ఉంది షుగరు, మా కోడలికి తెలవదు అంది. పక్కనామె ఆమెను మోచేత్తో పొడిచి, నాకూ ఉందిలే అంది. కల్లమంతా గొల్లుమని నవ్వింది, నేనూ నవ్వాను. ఎగిరి గంతెయ్యాలన్నంత సంతోషంగా ఉంది నాకు.

డాక్టరమ్మాయి కూడా నవ్వి, కాళ్లు తిమ్మిరెక్కడం, అరికాళ్ల మంటలు లాంటివేమన్నా ఉన్నాయా అమ్మా అని అడిగింది.

"మంటలు లేవమ్మా. అసలు అరికాళ్లకు ఏదీ తెలవట్లేదు. ఈ ఎండ తెలవదు, కాయ ఘాటూ తెలవదు. నిరుడు మేకు దిగితే నెత్తురు చూశాకే తెలిసింది."

ఇంట్లో ఎవరికీ చెప్పలేదా అంది డాక్టరమ్మాయి.

"ఎవరూ అడగలేదమ్మా" అన్నారు అత్తయ్య, మామూలుగానే.

నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. నేను మా పుట్టింట్లో గొప్పగా చెప్పుకున్న పాదాలవి. మామయ్య చేతిలో గోనెసంచి అలాగే ఉంది. ఇకనుంచి ఉత్త కాళ్లతో ఎక్కడా నడవొద్దని, వెంటనే పాదాలు చూపించుకోమని, మిగతా సంగతి కంపెనీ చెబుతుందని ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది.

మర్నాడే గుంటూరు తీసుకెళ్లి చూపించాను. అక్కడి డాక్టరు ఇది షుగర్ వల్లేనన్నారు, ఆయన కూడా చెప్పుల మాటే గట్టిగా చెప్పారు. దాంతో అత్తయ్యకు కల్లం ప్రవేశం లేకుండా పోయింది. చెప్పులతో కల్లంలోకి దిగకూడదు, చెప్పులు లేకుండా నడవకూడదు. గట్టు మీద నవారు మంచం వేసుకుని అక్కడినుంచే కేకలేసేవారట, ఇటు తిరగెయ్యండి, అటు తాలుంది అని. రోజూ నాకు ఫోన్ చేసి, ఏమన్నారమ్మాయ్ వాళ్లు, తీసుకుంటారంటా అని అడిగేవారు. కబురు రాలేదని చెప్పడానికి నాకు నోరొచ్చేది కాదు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా మెసేజ్ వచ్చింది. అత్తయ్యను చేర్చుకున్నారు. షుగర్, బీపీల వల్ల వచ్చే వాటికి కొంతకాలం ఆగాలట, మిగతావాటికి అంత అక్కర్లేదట. కింద కార్డు ఉంది. నేను, మా ఆయన, నాలుక లోపల పెట్టుకున్న మా పాప, కండువాతో మామయ్య, తల్లో పూలతో అత్తయ్య. నేను మళ్లీ వరండాలోకి పరిగెత్తాను. ఈసారి మేనేజరు గారే, సెలవు పెట్టి వెళ్లమ్మా, ఇక్కడ ఉండి ఏం చేస్తావు అన్నారు.

బస్సు దిగి ఇంటికి వెళ్లకుండా నేరుగా కల్లానికే వెళ్లాను. దూరం నుంచే ఫోన్ పైకెత్తి చూపిస్తూ, వచ్చేసింది అత్తయ్యా, మిమ్మల్ని చేర్చుకున్నారు అని అరిచాను. నేను అవతలి గట్టు మీద ఉన్నాను, మధ్యలో మిరపకాయలు. ఆవిడ మంచం మీంచి లేచి, చెప్పులు అక్కడే విప్పేసి, అడ్డంగా నా వైపు రాబోయారు.

"ఆగు" అన్నారు మంచం పక్కనే ఉన్న మామయ్య.

ఆయన వంగి ఆ చెప్పులు రెండూ చేత్తో తీసుకున్నారు. కాయ మీదుగా రెండడుగులు లోపలికి వచ్చి, పరదా మీద, మిరపకాయల మీద, ఆవిడ కాళ్ల ముందు పెట్టారు. తాలు ఏరేవాళ్లందరూ చూస్తున్నారు.

"కల్లంలో చెప్పులేంటి" అన్నారు అత్తయ్య.

"వేసుకో" అన్నారాయన.

అత్తయ్య ఒకసారి ఆయన వైపు, ఒకసారి కాయ వైపు చూశారు. తర్వాత చెప్పుల్లో కాళ్లు పెట్టి, మిరపకాయల మీద నడుచుకుంటూ తన ఫోటో చూసుకోవడానికి నా దగ్గరికి వచ్చారు.