మూడు జట్లు, మూడు పతకాలు

తమ్ముడు ఫోన్ చేసేసరికి ఆమె దుప్పట్ల మధ్య మునిగి ఉంది. ఆసుపత్రి లాండ్రీలో పొద్దున షిఫ్టంటే అంతే. వార్డుల్లో పోగుపడ్డ పక్కగుడ్డలన్నీ తోపుడుబండ్ల మీద గుట్టలు గుట్టలుగా వచ్చి పడతాయి. ఉతికే యంత్రాల హోరులో ఏమీ వినపడక, ఫోన్ పట్టుకుని వెనక మెట్ల మీదికి వచ్చింది.

"అక్కా, మా ఆట పెట్టారు," అన్నాడు తమ్ముడు. "వచ్చే ఏడు క్రీడోత్సవంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఉంటుందట. ఇప్పుడే చెప్పారు."

చుట్టుపక్కల దేశాలన్నీ కలిసి నాలుగేళ్లకోసారి జరుపుకునే ఆటల పోటీలవి. ఈసారి వంతు వీళ్ల ఊరిదే.

"అమ్మకి చెప్పావా?"

"లేదు, ముందు నీకే."

ఆ మాటకి ఆమె పొంగిపోయింది. లోపలికి వెళ్లి ఇస్త్రీ రోలరు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లందరికీ చెప్పింది. మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం తింటూ టీవీ వైపు చూసింది. తెర అడుగున అక్షరాలు పరిగెడుతున్నాయి. కొత్త ఆటకి చోటు చూపడం కోసం మహిళల నడక పందెం తీసేశారట.

నడక పందెం ఆమె ఆట.

పళ్లెం ముందు నుంచి లేచింది. చెయ్యి కడుక్కుంది. మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. ఎందుకు లేచిందో, ఎందుకు కూర్చుందో ఆమెకే తెలియలేదు. కాసేపటికి అర్థమైంది, తనకి వచ్చింది ఏడుపు కాదు, కోపమని.

ఆమెని పేటలో అందరూ బాతక్క అంటారు. నడక పందెంలో ఎప్పుడూ ఒక పాదం నేలని అంటి ఉండాలి, ముందుకి వేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. ఆ కట్టుబాట్లతో వేగంగా వెళ్లాలంటే నడుము అటూ ఇటూ ఊగక తప్పదు. చూసినవాళ్లు నవ్వకా తప్పదు. పదహారేళ్ల వయసు నుంచి ఆమె ఆ నవ్వుల మధ్యే నడిచింది. పెళ్లయినప్పటి నుంచి మొగుడు బ్రెడ్డు బట్టీలో పని ముగించుకుని, సైకిలు మీద నీళ్ల సీసాతో ఆమె వెనక వస్తుంటాడు. "సైకిలు తొక్కేవాణ్ణి నేను, ఆయాసపడేవాణ్ణీ నేనే," అంటుంటాడు. పోయినసారి క్రీడోత్సవంలో ఆమెకి నాలుగో స్థానం. ముగింపు గీత కనుచూపు మేరలో ఉండగా ఎవరో పక్క నుంచి దాటేశారు. అప్పటి నుంచి ఆ నాలుగు పంటిలో ఇరుక్కున్న పీచులా సలుపుతూనే ఉంది. ఇప్పుడు ముప్పై నాలుగేళ్లు. ఇదే చివరి అవకాశమని ఆమెకి తెలుసు, మోకాళ్లకి ఇంకా బాగా తెలుసు.

తమ్ముడి సంగతి వేరు. చిన్నప్పుడు వాణ్ణి డ్రమ్ము అనేవాళ్లు. బళ్లో జట్లు ఎంచుకునేటప్పుడు ఎవరూ రమ్మనరు. చివరికి, "నువ్వు మా సంచులు చూస్తుండరా," అని చెట్టు కింద కూర్చోబెడతారు. పెద్దయ్యాక ఫ్రిజ్‌లు, శీతల గదులు బాగుచేసే మెకానిక్ అయ్యాడు. ఒకరోజు పెద్ద ఫ్రిజ్‌ని ఒక్కడే వాలు మీదికి తోస్తుంటే మునిసిపల్ మైదానంలో ఆడుకునేవాళ్లు చూశారు. నెత్తికి ఇనుప కమ్మీల టోపీలు, భుజాలకి గట్టి తొడుగులు. "మాతో ఆడతావా?" అన్నారు. వాడి ఒళ్లు చూసి నవ్వకుండా ఎవరైనా రమ్మనడం అదే మొదలు. ఆ ఆటలో వాడి పనల్లా అవతలివాణ్ణి ముందుకి రానివ్వకుండా అడ్డుకోవడం. ఆట మొత్తంలో ఒక్కసారైనా బంతి ముట్టుకోడు. అయినా ఇంటికొచ్చి కథలు కథలుగా చెప్పేవాడు. ఆమె విని మురిసిపోయేది.

ఆ ఆదివారం అమ్మ ఇంట్లో కలిశారు. తమ్ముడు మిఠాయి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె దాని వైపు చూడలేదు.

"నీది తీసేశారని నాకు తరవాత తెలిసిందక్కా," అన్నాడు తల వంచుకుని.

"తెలిశాక కూడా మిఠాయి కొన్నావుగా."

"నేనేం చేశాను? తియ్యమని నేను చెప్పానా?"

"చెప్పలేదు. కానీ నా చోట్లో కూర్చుని చక్కగా కాళ్లు చాపుకుంటున్నావు."

అమ్మకి భయమేసి మాట మార్చబోయింది. "అదికాదురా, చేత్తో పట్టుకుని పరిగెత్తేదాన్ని ఫుట్‌బాల్ అంటారేంటి?" అంది. ఎవరూ నవ్వలేదు.

"మన పోటీలకి వచ్చే దేశాల్లో ఆ ఆట ఎన్నింటికి వచ్చురా?" అని అడిగింది అక్క.

"మూడింటికి," అన్నాడు తమ్ముడు.

"జట్లు మూడు. పతకాలూ మూడే. అంటే బస్సు దిగితే చాలు, ఏదో ఒకటి మెడలో పడుతుంది. అది పోటీయా, పంపకమా?"

"ఈసారి మూడే. రానిస్తేనే కదా ఇంకో నాలుగు పుట్టేది. మీ నడక మొదలైనప్పుడు మాత్రం వందమంది వచ్చి నిలబడ్డారా?" వాడి మొహం ఎర్రబడింది. "నువ్వు పరుగైనా నేర్చుకునేదానివి, ఈతైనా నేర్చుకునేదానివి. నీకు నచ్చింది ఎంచుకున్నావు. నన్ను ఎంచుకున్న ఆట ఇదొక్కటే అక్కా."

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు.

"నిన్నెవరూ ఎంచుకోలేదు. వాళ్లకి ఒక గోడ కావాల్సొచ్చింది. నువ్వు దొరికావు."

తమ్ముడు లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. అమ్మ మిఠాయి డబ్బా తీసి అలమరలో పెట్టి, కూతురి మొహం చూడకుండా వంటింట్లోకి వెళ్లింది.

మర్నాడు షిఫ్టు దిగి, ఒంటి మీద యూనిఫాం మార్చకుండానే క్రీడా సమాఖ్య కార్యాలయానికి వెళ్లింది. కార్యదర్శి కోపం రాని మనిషి. అలాంటివాళ్లని చూస్తే ఎదుటివాళ్లకి ఇంకా మండుతుంది. కుర్చీ చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు.

"చూడమ్మా, నడక కోసం సగం ఊరి రోడ్లు మూయాలి. టీవీలో ఎవరో గంటల తరబడి నడుస్తుంటే ఎవరు చూస్తారు చెప్పండి."

"నేను నడుస్తుంటే మా పేట పేటంతా చూస్తుంది సార్. నవ్వడానికే అయినా చూస్తుంది."

ఆయన కూడా నవ్వాడు. "అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ఒక ఊపు, ఒక హంగు. పాటలు, లైట్లు. కుర్రకారు వస్తారు."

"ఆడేది మూడు దేశాలు. నడవడానికి పదకొండు దేశాల ఆడవాళ్లు వస్తున్నారు."

"లెక్కలతో ఉత్సవాలు జరగవమ్మా. అయినా మీ తమ్ముడు ఆ ఆటలోనే ఉన్నాడటగా. ఇంట్లో ఒకరికి పోయినా..."

"అయితే వాడి జట్టే ఆడుతుందా?"

కార్యదర్శి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "వాళ్లు ఆడితే పరువు దక్కదు. బయటి దేశాల్లో పుట్టి పెరిగిన మనవాళ్లున్నారు, అక్కడి కాలేజీల్లో ఆడినవాళ్లు. వాళ్లని పిలిపిస్తున్నాం. మీ తమ్ముడివాళ్లని వదిలెయ్యం, వాళ్లకి సాధన చేయించడానికి వాడుకుంటాం."

బయటికి వచ్చి బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చోగానే ముందుగా మనసులోకి వచ్చిన మాట, 'మంచి పనైంది.' ఆ మాట తనదేనని తెలిసి సిగ్గేసింది. ఆ తరవాత వచ్చిన కోపం ముందు నిన్నటి కోపం దిగదుడుపు. తన ఆట తీసేస్తూ తమ్ముడి ఆటని చూపించారు. తమ్ముడికేమో ఆట ఇచ్చామని చెప్పి మైదానం బయట నిలబెడుతున్నారు. తామిద్దరూ ఒకరి గొంతు ఒకరు పట్టుకుని కూర్చుంటే వీళ్లకి ఎంత హాయి. తన స్టాపు రాకముందే దిగి, ఐసు ఫ్యాక్టరీకి నడిచింది. తమ్ముడు అక్కడ పని చేస్తున్నాడని అమ్మ చెప్పింది.

శీతల గది తలుపు తీసి ఉంది. వాడు మోటారు ముందు గొంతుక్కూర్చుని, రెంచీతో ఏదో బిగిస్తున్నాడు. ఆమె విన్నదంతా చెప్పింది. వాడు తలెత్తలేదు.

"నీది పోయింది కాబట్టి నాదీ పోవాలని ఉంది కదూ నీకు," అన్నాడు.

ఆ మాట సూటిగా తగిలింది. బస్సులో తనకి ఏమనిపించిందో గుర్తుంది మరి. "నన్ను నమ్మకు. ఆయన్నే అడుగు," అని చెప్పి వచ్చేసింది.

వాడు అడిగాడు. ఆ నెలలోనే అన్ని ఆటలవాళ్లనీ స్టేడియం హాలులో సమావేశపరిచారు. కార్యదర్శి మాట్లాడటం అవ్వగానే తమ్ముడు లేచాడు. అంత మనిషి లేచేసరికి హాలంతా అటే చూసింది.

"సార్, క్రీడోత్సవంలో మేం ఆడతామా?"

"దేశం గెలవడం ముఖ్యం కదా బాబూ. అనుభవం ఉన్నవాళ్లని..."

"మూడు జట్లే కదా సార్. ఓడినా పతకం ఎలాగూ వస్తుంది. ఆ ఓడిపోవడమేదో మమ్మల్నే ఓడిపోనివ్వండి."

హాలు గొల్లుమంది. కార్యదర్శి కూడా నవ్వి, తరవాతి ప్రశ్న అన్నాడు. నవ్వనిది ఒక్క బాతక్కే. తను ఎద్దేవాగా అన్న మాటని వాడు ప్రాధేయపడటానికి వాడుకున్నాడని ఆమెకి గుండె మండింది. మైకు కోసం ఆగలేదు.

"నవ్వకండి," అంది. "వాడు ఎముకలు విరగ్గొట్టుకుని ఆ ఆట నేర్చుకున్నాడు. నన్నడిగితే ఆ ఆట ఇక్కడ ఉండకూడదు. పదకొండు దేశాల్ని గెంటి మూడు దేశాల్ని తెస్తే దాన్ని పోటీ అనరు. ఎనిమిదో పదో దేశాలు ఆడేరోజు రానివ్వండి, నేనే వచ్చి చప్పట్లు కొడతాను. కానీ పెట్టారు కదా, మరి ఇక్కడ నేర్చుకున్నవాళ్లే ఆడాలి. ఆటనీ అరువు తెచ్చి, ఆడేవాళ్లనీ అరువు తెచ్చి, జెండా ఒక్కటి మనది పట్టుకుంటే అది ఎవరి గెలుపు సార్?"

టీ ఇస్తున్నారు, అందరూ లేవండి, అన్నాడు కార్యదర్శి.

ఒక విలేకరి ఆమె చెప్పిందంతా రాసుకున్నాడు. మర్నాడు పేపర్లో మాత్రం 'తమ్ముడి ఆటకు అక్క అడ్డు' అని వచ్చింది. కింద ఆమె అన్న మాటల్లో మొదటి సగమే ఉంది. తమ్ముడి జట్టువాళ్లు కనిపిస్తే మొహం తిప్పుకున్నారు. నడిచే ఆడవాళ్లేమో, తమ్ముడి తరఫున ఎందుకు మాట్లాడావని నిలదీశారు. స్టేడియం ట్రాక్ మీదికి ఆమెని రానివ్వొద్దని గేటు దగ్గర మనిషికి పైనుంచి మాట వచ్చింది. అతను ఆమెని పదేళ్లుగా చూస్తున్నవాడు. తాళం తీయకుండా నేల చూపులు చూశాడు. ఆమె అతన్ని వదిలేసి, గేటుని గట్టిగా ఒక్క తన్ను తన్నింది. బొటనవేలి గోరు ఊడి, పది రోజులు కుంటింది.

తమ్ముణ్ణి అన్నట్టే సాధన కోసం పిలిచారు. వాడు వెళ్లాడు. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లు తాము పరిగెత్తుకొచ్చి గుద్దడానికి దిండు పట్టుకుని నిలబడమన్నారు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, భుజం తట్టి బాగా నిలబడ్డావని మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పే వాడికి మింగుడుపడలేదు. మరి వెళ్లలేదు.

క్రీడోత్సవం జరిగింది. లైట్లు వేశారు, పాటలు పెట్టారు. దేశం తరఫున దిగిన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు రెండు ఆటలూ ఓడిపోయి కంచు పతకం తెచ్చుకుంది. క్యాంటీన్‌లో అందరూ చూస్తుండగా బాతక్క లేచి టీవీ కట్టేసింది. పక్కనున్నవాళ్లు గొణిగారు. ఎవరూ మళ్లీ వెయ్యలేదు.

నడక పందెం తిరిగి రాలేదు. వచ్చేసారికైనా ఉంటుందో లేదో చెప్పేవాళ్లు లేరు. ఆమె ఇప్పుడు మునిసిపల్ మైదానం చుట్టూ నడుస్తుంది. మధ్యలో తమ్ముడి జట్టు గుద్దుకుంటూ ఉంటుంది. అక్కాతమ్ముళ్లకి మాటలు కలవడానికి చాలాకాలం పట్టింది. ఒక సాయంత్రం ఆమే నడుస్తూ నడుస్తూ, "ఆ రోజు గోడన్నాను. అనకూడదు," అని ఆగకుండా దాటిపోయింది. ఆమె మళ్లీ చుట్టి వచ్చేసరికి వాడు గీత పక్కన నిలబడి ఉన్నాడు.

"గోడ అంటే తప్పేముంది. మంచి గోడనే," అన్నాడు. "కానీ మా ఆట ఉండాలి."

"ఉండకూడదు," అంది ఆమె, నడక ఆపకుండా.

తరవాతి చుట్టులో, "ఇప్పుడు ఇంకో రెండు దేశాల్లో జట్లు కట్టారట," అన్నాడు.

"అయిదు. ఎనిమిది చెప్పాను."

"నువ్వెవరే చెప్పడానికి?"

"నడిచినదాన్ని," అని మలుపు తిరిగింది. వాడు వెనక నుంచి ఏదో అరిచాడు. వినపడలేదు. దానికేం చెప్పాలో ఆలోచించుకుంటూ ఇంకాస్త వేగంగా నడిచింది.