పదమూడు చుక్కల పీర్ల చావిడి

తొంభైల దశకం ముగిసిపోతున్న ఆ కాలంలో, మా ఊళ్లో డిగ్రీ పాసైనవాడికి తెలియని విషయమంటూ ఉండడానికి వీల్లేదు. మాది బుక్కరాయసముద్రం దాటి లోపలికి పోతే తగిలే వేరుశనగ పల్లె. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. అది చేతికి వచ్చిన మర్నాటి నుంచే పురుగుమందు డబ్బా మీద ఏమి రాసి ఉందో, మాత్రల అట్ట మీద గడువు దాటిందో లేదో, ఆవు ఎందుకు మేత ముట్టడం లేదో, అన్నీ నన్నే అడిగేవారు. నేను చదివింది చరిత్ర అని మొదట్లో ఒకరిద్దరికి వినయంగా మనవి చేశాను. ("అదే గదప్పా, దాని చరిత్ర ఏందో చూసి చెప్పు" అన్నాడు ఆవుగల ఆసామి.) ఆ తరువాత మనవి చేయడం మానుకున్నాను. అడిగిన ప్రతిదానికీ ఏదో ఒక జవాబు చెప్పడం అలవాటైంది. కొంతకాలానికి ఆ జవాబులను నేను కూడా నమ్మసాగాను. యువకుడు చెడిపోవడానికి సారాయి దుకాణమే అవసరం లేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ ఏడాది మా ఊరికి వచ్చింది ఒకే ఒక గట్టి వాన. విత్తే వేళకు రాలేదు, కాయ పట్టేందుకు ఊడలు నేలలోకి దిగే వేళకూ రాలేదు. పంట ఎండి, చేలల్లో మిగిలిన వేరుశనగ కట్టె పీకి, ఊరంతా ఖాళీగా కూర్చున్న వేసవిలో వచ్చి, మొలిపించవలసినది ఏదీ కనిపించక, పీర్ల చావిడి ముందుగోడను పడగొట్టి పోయింది. మా ఊళ్లో ముస్లిం కుటుంబం ఒక్కటే అయినా, పీర్ల పండుగ అందరిదీ. ఆ ఒక్క ఇంటి పెద్దే పీర్లకు పూజారి వంటి ముజావర్. ఆయనను నేను 'మామా' అనేవాణ్ణి, ఆయన నన్ను 'అల్లుడా' అనేవాడు. ఆయన భార్య నాకు అత్త. పడిపోయిన గోడ మీద తలుపుకు అటొకటి ఇటొకటి మట్టి సింహాలూ, పైన తామరపూవూ, దాని మీద రెండు చిలుకలూ ఉండేవి. చిలుకల ముక్కులకు ఏటా కొత్తగా ఎర్రరంగు వేసేవారు. పీర్లను పెట్టెలో నుంచి తీసి నిలబెట్టే రోజుకు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. గోడ లేని చావిడిలో పీర్లను నిలబెట్టిన ఆనవాయితీ ఎన్నడూ లేదు.

ఊరి పెద్దలు చావిడి ముందు అరుగు మీద సమావేశమై, గోడ సిమెంటుతో కట్టాలని నిర్ణయించారు. "పైన బొమ్మలు ఎట్ల పెట్టాల?" అని మేస్త్రీ (నాకు 'మేస్త్రీ అన్న') అడగ్గా, ఎవరో "చరిత్ర చదివినోడు మనోడే ఉండాడు గదా" అన్నారు. నేను లేచి నిలబడ్డాను. (లేవమని ఎవరూ అనలేదు.) వారం గడువులో శాస్త్రీయమైన నమూనా తెచ్చి ఇచ్చే బాధ్యత నాదని ప్రకటించాను.

మర్నాడే అనంతపురం పోయి, ఒక గ్రంథాలయంలో మూడు రోజులు కూర్చున్నాను. ఇస్లామీయ కళల గురించి ఇంగ్లీషులో ఉన్న బరువైన పుస్తకమొకటి దొరికింది. అందులోని వ్యాసాలు చాలా పొడవుగా ఉండడం వల్ల బొమ్మలను శ్రద్ధగా అధ్యయనం చేశాను. ఎక్కడో పారశీక దేశపు గోడ మీద ఉన్న అల్లిక ఒకటి నన్ను కట్టిపడేసింది. ఆరు మొనల నక్షత్రాలు ఒకదాని చేయి ఒకటి పట్టుకున్నట్లు, ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియకుండా గోడ నిండా పరుచుకుని ఉన్నాయి. దాన్ని పలుచని కాగితం మీద గీసుకుని, గుండ్రంగా చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకుని, పక్కవాడి మోచేయి తగలకుండా ఊరికి తెచ్చాను.

అరుగు మీద కాగితం పరిచి ఉపన్యసించాను. ఇస్లామీయ కళకు జ్యామితి ప్రాణమనీ, అందులో జీవుల రూపాలకు చోటు లేదనీ, సింహాలూ చిలుకలూ తెలియక జరిగిన పొరపాట్లనీ, ఇకనైనా ఈ చావిడి శుద్ధమైన సంప్రదాయంలో ఉండాలనీ ముప్పావు గంట వివరించాను. పుట్టినప్పటి నుంచి పీర్లను మోస్తున్న మనిషికి పీర్ల చావిడి ఎలా ఉండాలో నేను చెబుతున్నానన్న సంగతి ఆ ముప్పావు గంటలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

మామ కాగితాన్ని దగ్గరికి లాక్కుని చూశాడు. "బాగుండాది అల్లుడా. సింహాలు వద్దంటావా?"

"వద్దు మామా. శాస్త్రం ఒప్పదు."

"చిలకలన్నా?"

"అవీ వద్దు."

"మా తాత కాలం నుంచి ఉండేటివి..." అని ఆగి, "సరేలే, చదువుకున్నోనివి" అన్నాడు. జనంలో గుసగుసలు బయలుదేరాయి. చిలుకలు లేకపోతే చావిడి చావిడిలా ఉండదని ఆడవాళ్లు, కాగితం మీది గీతలు గోడ మీదికి ఎట్లా ఎక్కుతాయని మేస్త్రీ అన్న. అప్పుడు, ఏ సమావేశంలోనూ నోరు తెరవని మా నాయన, వెనక వరుసలో నుంచి లేచాడు. "మా పిల్లోడు మూడు దినాలు చదివి వచ్చినాడు. వాడు చెప్పినట్లే కట్టండి. తేడా వస్తే పీర్ల ముందర నేను తల వంచుకోని నిలబడతా" అని కూర్చున్నాడు. అంతమందిలో నాయన మాట్లాడడం అదే మొదటిసారి. గుసగుసలు ఆగిపోయాయి.

గోడ లేచింది. పీర్లకు ఇంకా మూడు రోజులున్నాయనగా మేస్త్రీ అన్న సిమెంటు పూత పూసి, "రాప్పా, గీయి. గట్టిపడే లోపల కానీయాల" అన్నాడు. నేను పదో తరగతి నాటి జ్యామితి పెట్టె పట్టుకుని నిచ్చెన ఎక్కాను. కాగితం మీద నక్షత్రం బొటనవేలంత. గోడ మీద పళ్లెమంత కావాలి. వృత్తలేఖిని కాళ్లు ఎంత చాపినా పళ్లెమంత గీయలేదు. మేకుకు దారం కట్టి వృత్తాలు తిప్పాను. తడి సిమెంటులో మేకు కదిలినప్పుడల్లా వృత్తం కోడిగుడ్డైంది. ఎడమ నుంచి బయలుదేరిన నక్షత్రాలు కుడివైపుకు చేరేసరికి, మొదటిదానికి ఆరు మొనలూ, అయిదోదానికి అయిదూ, చివరిదానికి గోడే చాలక సగమూ మిగిలాయి. కింద జనం పెరిగారు. చదువుకున్నవాడు నిచ్చెన ఎక్కడం మా ఊళ్లో రోజూ చూసే దృశ్యం కాదు.

"అల్లుడా," అన్నాడు మామ ఎంతో మర్యాదగా, "ఆ కొసాన ఉండేదానికి గ్రహణం పట్టినాదా?"

"సిమెంటు గట్టిపడతాండాదప్పా," అన్నాడు మేస్త్రీ అన్న. "దానికి నీ డిగ్రీ సంగతి తెల్దు."

మొత్తం గీకేశారు. మర్నాడు మళ్లీ పూశారు, మళ్లీ గీశాను, మళ్లీ గీకారు. రెండోసారి మేస్త్రీ అన్న తనే తాపీ పట్టి గోడంతా గీకేశాడు. అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది. "రేపు ఒక్క దినమే ఉండాది. రేపు కూడా కాకుంటే నున్నగా తీడి సున్నం కొట్టేస్తా" అని మాత్రం అన్నాడు. నాయన జనం వెనుక, తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. సాయంత్రం ఇంటికి నడుస్తుంటే, "కాగితం తడపలేదు గదా?" అని మాత్రం అడిగాడు. నా వైపు ఇంకా మనిషి ఒకడు మిగిలి ఉన్నాడన్న సంగతి ఆ ప్రశ్నలో తెలిసి, నాకు మరింత సిగ్గేసింది.

చివరి రోజు ఉదయం మేస్త్రీ అన్న సిమెంటు కలుపుతుండగా, అత్త అందరికీ టీ తెచ్చింది. నేను అరుగు మీద కాగితం పరుచుకుని, పరీక్ష తప్పినవాడిలా దాన్ని చూస్తున్నాను. అత్త గ్లాసు నా చేతికిచ్చి, కాగితాన్ని తలకిందులుగానే చూసింది.

"ఈ ముగ్గుకా రెండు దినాలు నిచ్చెన మీద ఏడ్చినావు?"

"ముగ్గు కాదు అత్తా, ఇది పారశీక దేశపు జ్యామితీయ..."

"ఏ దేశమైతే ఏమప్పా? పదమూడు చుక్క. ఏడు దాకా సందు చుక్క." అత్త టీ చెంబు పక్కన పెట్టి, ఇసుకలో కూర్చుని, చేతికందిన సున్నం పిడికిట పట్టి చుక్కలు పెట్టింది. ఒక వరుసలో పదమూడు, కింద వరుసలో వాటి సందుల్లో పన్నెండు, ఆ కింద పదకొండు... ఇవతల ఏడు, అవతల ఏడు మిగిలే వరకు. ఆ పైన వేళ్ల సందుల్లో నుంచి సున్నం జారవిడుస్తూ చుక్క నుంచి చుక్కకు పోయింది. నేను టీ తాగడం పూర్తి కాకముందే పారశీక దేశపు గోడ మా ఊరి ఇసుకలో పరుచుకుంది. ఏ నక్షత్రానికీ గ్రహణం లేదు.

"ఇది నీకెట్ల వచ్చు అత్తా?"

"నేను కాపురానికి వచ్చిన కొత్తలో మీ జేజి నేర్పించింది. వాకిట్లో ముగ్గు లేకుంటే ఊరుకుంటాండెనా ఆమె? ఎవరిల్లైనా సరే." మా జేజి, అంటే నాయనమ్మ, చదువుకున్నది సున్నా. నేను మూడు రోజులు గ్రంథాలయంలో కూర్చుని సంపాదించిన విద్య ఎప్పుడో ఆమె వాకిలి దాటి అత్త ఇంటికి చేరిందన్నమాట.

ఆ తరువాత పని నా చేతుల్లో నుంచి పోయింది, అందుకే జరిగింది. అత్త కేక వేయగా వీధిలోని ఆడవాళ్లు ఎనిమిది మంది వచ్చారు. మేస్త్రీ అన్న ఎర్రమన్ను పూసిన తాడుతో గోడ మీద వరుసలు కొట్టాడు. ఆడవాళ్లు నిచ్చెనల మీద, బల్లల మీద నిలబడి తడి సిమెంటులో వేలితో చుక్కలు నొక్కారు. "ఏయ్, ఆడ సందు తప్పినావు", "నీ కంట్లో సందుండాది, సక్కగా చూడు" అని ఒకరినొకరు దెప్పుకుంటూనే ఎవరి వరుస వారు నింపుకుపోయారు. మేకుతో గీతలు లోతుగా కోసే పని మేస్త్రీ అన్నది. కాగితం పట్టుకుని కింద నిలబడడం నాది. మధ్యాహ్నానికి ముందే గోడ నిండిపోయింది.

తలుపుకు అటూ ఇటూ మాత్రం అత్త కావాలనే ఖాళీ వదిలింది. అప్పుడు మామ నా దగ్గరికి వచ్చాడు. చేతిలో గుడ్డ మూట. విప్పితే, పాత గోడ సింహపు తల, ఒక చెవి విరిగినది. కూలిన మట్టిలో వెతికి మంచం కింద దాచుకున్నాడట.

"అల్లుడా, ఒక మాట అడుగుతా, తప్పనుకోవద్దు. ప్రవక్త అల్లుడు అలీ సాహెబును దేవుని సింహమంటారు గదా. ఆ పేరు మీద పెట్టినారంట మా పెద్దోళ్లు. మరి శాస్త్రం..."

నేను చేతిలోని కాగితాన్ని చుట్ట చుట్టేశాను. (నేను చదవకుండా వదిలిన పొడవాటి వ్యాసాల్లో ఆ మాట ఉండనే ఉందని తరువాత చూసి తెలుసుకున్నాను.) "ఆ రోజే ఎందుకు చెప్పలేదు మామా?"

"నువ్వు చెప్తాంటివి గదా అల్లుడా. నడమ యాడ చెప్పేది?"

జనం నవ్వారు. మేస్త్రీ అన్న నవ్వి నవ్వి తాపీ కింద పడేశాడు. నాయన కూడా తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వడం చూసి, నేనూ నవ్వాను. రెండు రోజుల్లో అదే మొదటిసారి ఊపిరి తీసుకున్నట్లైంది. సాయంత్రానికి పాత తలను చూసి మేస్త్రీ అన్న రెండు సింహాలు చేశాడు. అవి సింహాల కంటే మా ఊరి కుక్కలను ఎక్కువగా పోలి ఉన్నాయి, ఎవరూ ఆక్షేపించలేదు. చిలుకల గురించి నన్ను ఎవరూ అడగలేదు. అవి వాటంతటవే వచ్చి తామరపూవు మీద వాలాయి.

పీర్లను నిలబెట్టిన రోజు పక్క ఊళ్ల జనం గోడ దగ్గర గుంపులుగా నిలబడి, "ఎవరు గీసినారు?" అని అడుగుతుంటే, నాయన తల ఎత్తుకుని జవాబు చెప్పాడు: "మా వాడు తెచ్చినాడు, మా ఆడోళ్లు పెట్టినారు." ఆ రోజంతా ఎంతమంది అడిగినా అదే జవాబు, ఒక్క మాట తేడా లేకుండా.

ఇప్పుడు నేను ఒక చిన్న కళాశాలలో చరిత్ర చెబుతాను. ముప్పావు గంట పాఠంలో పావు గంట పిల్లలు మాట్లాడేందుకు వదులుతాను. ఊరికి పోయినప్పుడు చావిడి గోడ ముందు కాసేపు నిలబడతాను. కుడివైపు అట్టడుగున, మోకాలి ఎత్తులో, ఒక నక్షత్రం కాస్త కుంటుతున్నట్లుంటుంది. "ఒకటన్నా గీయనీ, పాపం" అని అత్త ఆ రోజు నాకు వదిలినది. మేస్త్రీ అన్న సరిచేయబోతే అడ్డుకుని, "ఉండనీ, వాడు కూడా నేర్చుకుంటాండాడు" అంది. నిచ్చెన మీద చెమటలు కక్కిన ఆ కుర్ర ఉపన్యాసకుడు, ఇరవై రెండేళ్ల వయసు నాటి నేను, ఎదురుపడితే, వ్యాసాలు కూడా చదువు నాయనా అని చెప్పాలనిపిస్తుంది. కానీ ఆ కాగితాన్ని అంత దూరం నలగకుండా తెచ్చింది కూడా వాడే కదా అని, ఏమీ అనకుండా, వంగి ఆ కుంటి నక్షత్రం మీది దుమ్ము తుడిచి వస్తాను.