అందరి ప్రొఫైల్లో నేను పెట్టిన లైను

ఆరేళ్లుగా ఒక మాట గొంతులోనే ఉండిపోయింది. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెప్పగలుగుతున్నాను.

నందిగామలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఐదుగురం పనిచేసేవాళ్లం. అందరికీ ఒకటే సర్వరు, ఒకటే లాగిన్. ఎవరేం మార్చినా గోడమీది బోర్డుపై రాయాలన్నది మా పద్ధతి. నా పక్క సీటు సుజాతది. చిల్లకల్లు నుంచి బస్సులో వచ్చేది. కూలికి వెళ్లే ఇంట్లో మొదటి ఉద్యోగం ఆమెదే. ఆమె వచ్చి కూర్చునేదాకా నాకు పని మీద మనసు నిలిచేది కాదు. అది ప్రేమేనా? అప్పుడు నన్ను నేను అడగలేదు. ఇప్పుడు అవుననే అంటాను.

ఒకరోజు నా పైథాన్ స్క్రిప్టుకు పాత లైబ్రరీ ఒకటి, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడు, కావలసివచ్చింది. అదెక్కడుందో చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను నా స్క్రిప్టు వరకే పెట్టుకోవలసింది. బద్ధకించి, లాగిన్ కాగానే సర్వరు చదువుకునే, అందరికీ వర్తించే ప్రొఫైల్ ఫైల్లో ఒక లైనుగా పెట్టేశాను. బోర్డు మీద రాయలేదు. మర్నాటి నుంచి సుజాత స్క్రిప్టు మధ్యలో ఆగిపోవడం మొదలైంది. ఆమె వాడే కొత్త లైబ్రరీలోనూ నా పాతదానిలోనూ ఒకే పేరున్న ఫంక్షన్ ఉంది. ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లుంటే పోస్టుమాన్ ముందు తగిలిన ఇంట్లో ఉత్తరం ఇచ్చిపోయినట్టు, ఆమె ప్రోగ్రాం నా పాతదాన్నే పట్టుకుంటోంది.

మూడు రోజులు తన కోడునే లైను లైనూ చదువుకుంది. రెండో రోజే నాకు సంగతి అర్థమైంది. ఎందుకు చెప్పలేదు? ఇవ్వాల్సిన పని ఆగిపోయి మా సారు అరుస్తున్నాడు. ఆ భయం కొంత. ఆమె ముందు చులకనైపోతానన్న భయం అంతకంటే ఎక్కువ.

"సర్వర్లో మీరేమన్నా మార్చారా అండీ?" అని అడిగింది.

"లేదండీ. నేనేం ముట్టుకోలా."

"అయితే నా కోడే అయ్యుంటదిలెండి. నాకే రావట్లా ఈ పని."

నా మాట నమ్మింది. శనివారం సారు ఆమెను ఇక పనిలోకి రావద్దన్నాడు. సోమవారం నేను ఆ లైను తీసేశాను. ఆమె స్క్రిప్టు ఒక్క అక్షరం మార్చకుండానే నడిచింది. దానంతటదే సర్దుకుందని సారుకు చెప్పాను.

సుజాత ఇప్పుడు జగ్గయ్యపేటలో ఒక బట్టల షాపులో చీరలు చూపిస్తోందట. ప్రోగ్రామింగ్ మళ్లీ ముట్టుకోలేదట. రెండుసార్లు ఆ షాపు ఎదురుదాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. ఆమెను చూడాలని ఉంది. క్షమించమని అడగడానికా, ఆ గొంతు మళ్లీ వినడానికా? రెండోదే ఎక్కువేమో. సిగ్గులేదు నాకు.

ఆమెకు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

సుజాతగారూ, సర్వర్లో నేనే మార్చానండీ. మీ కోడులో ఏ తప్పూ లేదు.