రెండో నొక్కుడు

ఆ ఉదయం సోంబరు చేసిన ఆఖరి మామూలు పని, ఖాళీ గోడకు ఒక ఫోటో తీయడం.

రబ్బరు బుడ్డితో కెమెరా లోపలి అద్దం మీద దుమ్ము ఊదాడు. లెన్సు బిగించాడు. కన్ను ఆనించి, స్టూడియోలో నీలం తెర పక్కన సున్నం పెచ్చులూడిన గోడవైపు తిప్పి ఒక్కసారి నొక్కాడు. ఠప్. సరిగానే ఉంది అన్నట్టు తలూపి సంచీలో పెట్టుకున్నాడు. పన్నెండేళ్లుగా ప్రతి ఉదయం ఇదే తంతు. ఆ గోడ ఫోటోలన్నీ కంప్యూటర్లోంచి తుడిచేసేది అతని చెల్లెలు రాజకుమారి. "నెలకి ముప్పై ఫోటోలు తీసినావు ఆ గోడకి. పెళ్లికూతురైనా అన్ని దిగదన్నా" అని దెప్పేది.

ఆ ఉదయం దెప్పలేదు. అన్నాచెల్లెళ్లు మాటలు మానేసి పదకొండు రోజులైంది.

"కుమారీ, రెండో బేటరీ ఎక్కడెట్టావు?" అని అడిగాడు సోంబరు. ఆమె కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా గడ్డంతో చార్జర్ వైపు చూపించింది. అతను బేటరీ తీసుకుని, గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, వెళ్లిపోయాడు. అంతే. నోరు తెరిచి "అదుగో" అని ఒక్క మాట అని ఉంటే ఏం పోయేదని ఆమె ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటుంది.

పాడేరు దాటాక, చింతపల్లి వెళ్లే ఘాట్‌లో జీపు బోల్తా పడింది. పది మంది ఎక్కాల్సిన జీపులో ఇరవై నలుగురు. సోంబరు వెనక మెట్టు మీద నిలబడి ఉన్నాడు; బతకలేదు. సంచీ అడ్డమని లోపల కూర్చున్న ఒక ముసలమ్మ ఒళ్లో పెట్టాడట. ఆమెకు మోచెయ్యి విరిగింది. సంచీ మాత్రం వదల్లేదు. ఆసుపత్రి వరండాలో రాజకుమారి చేతికి దాన్ని అందిస్తూ, "నీ అన్న సొత్తమ్మా, జాగర్తగా తెచ్చినాను" అంది. రాజకుమారి అక్కడే జిప్పు లాగి చూసింది. కెమెరాకు గీత కూడా పడలేదు.

ఆమెకు ముందు వచ్చింది ఏడుపు కాదు. ఆ నల్లటి బండను గోడకేసి కొట్టాలన్నంత కోపం.

ఈ బండ కోసమే కదా అనుకుంది. దీన్ని వదలనని మొండికేశాడు కాబట్టే కదా, అరకు సంతబజారులో స్టూడియో పెట్టుకుని కూడా చింతపల్లి అవతలి గూడేల్లో గుర్తింపు కార్డుల ఫోటోలు తీయడానికి జీపు మెట్టు పట్టుకుని వేలాడాల్సి వచ్చింది.

సోంబరుది రేగుపుట్టు. అరకు నుంచి జీపులో వెళ్లి, దిగాక గంటన్నర కొండెక్కాలి. పాతిక ఇళ్లు, కాఫీ మొక్కలు, వాటి నీడకు సిల్వర్ ఓకులు, ఎత్తు మీద సామ చేలు. ఇరవయ్యేళ్ల కిందట ఆశ్రమ పాఠశాల మాస్టారొకాయన బదిలీ అయి వెళ్తూ తన రీలు కెమెరాను సోంబరు చేతిలో పెట్టాడు. దాంతో సొంతూరి వాళ్లను తీస్తే ఒక్కటీ సరిగా వచ్చేది కాదు. ఒకరు తల తిప్పేవారు, ఒకరు కోడిని అదిలించేవారు. అప్పుడు అతనొక కట్టడి పెట్టాడు. "ఠప్పని శబ్దం వచ్చేదాకా ఎవులూ కదలొద్దు. అది ఇన్నాకే కదలాల."

ఆ మాట గూడేలన్నిటికీ పాకింది. సోంబరు కెమెరా ఎత్తాడంటే చాలు, ముసలీ ముతకా గుండెల నిండా ఊపిరి పట్టి, పిడికిళ్లు మోకాళ్ల మీద పెట్టి, రెప్ప వాల్చకుండా కూర్చునేవారు. ఠప్ అన్నాక ఊపిరి వదిలేవారు. మొదట్లో ఆ ఫోటోలన్నీ పోలీసులు పట్టుకొచ్చిన మనుషుల్లా ఉండేవి. ఒకసారి వేలు జారి రెండుసార్లు నొక్కాడు. రీలు కడిగిస్తే రెండోదానిలో సోంబరు తల్లి ఉంది. ఊపిరి వదిలేసి, భుజాలు దించి, గండం గడిచిందన్నట్టు పక్కావిడను చూసి నవ్వబోతూ ఉంది. అచ్చం ఆమే.

అప్పటినుంచి సోంబరు ఎవరికైనా రెండు తీసేవాడు. మొదటిది శబ్దం కోసం. రెండోది ఫోటో కోసం. ఈ సంగతి గూడేల్లో ఎవరికీ తెలియదు. రాజకుమారికి తెలుసు, మొదటివన్నీ తుడిచేసేది ఆమే కాబట్టి.

పదేళ్లుగా రంగులు దిద్దడం, ఆల్బములు కట్టడం ఆమె పని. అందుకే, రీలుది పోయాక పన్నెండేళ్ల కిందట కొన్న డిజిటల్ కెమెరా లోపాలు కూడా ఆమెకే ముందు తెలిశాయి. తెల్లవారి మంచులో లెన్సు ముందుకీ వెనక్కీ తిరిగి తిరిగి ఎక్కడా ఆగేది కాదు. వంద తీస్తే నలభై మసక. పెళ్లికి ముందు కాఫీ తోటల్లో ఫోటోలు దిగడానికి వచ్చే జంటలు ఆ మసక చూసి మొహం చిట్లించేవాళ్లు. ఆ జంటలను తీసుకొచ్చేది విశాఖపట్నం నుంచి ఈవెంట్లు చేయించే దుర్గాప్రసాద్. స్టూడియో బతికేది ఆ నాలుగు చలి నెలల పని మీదే.

జీపు బోల్తా పడడానికి రెండు వారాల ముందు, కార్తీకంలో, దుర్గాప్రసాద్ స్టూడియోకు వచ్చి కుర్చీలో వెనక్కి వాలాడు.

"సోంబరూ, ఈ డీఎస్ఎల్ఆర్ ఇంక మ్యూజియంలో పెట్టెయ్. మిర్రర్‌లెస్ ఉంటేనే ఈ సీజన్ పని. నాది రెండ్రోజులు ఉంచుకో, చెయ్యి అలవాటు చేసుకో."

"అద్దం నేకుండా కెమెరా ఏటి సార్? ముక్కు నేని మొకంలాగ," అన్నాడు సోంబరు.

"ముక్కు లేకపోయినా నీ దానికన్నా బాగా వాసన పడుతుందిలే. ఎదుటి మనిషి కన్ను ఎక్కడుందో అదే వెతుక్కుంటుంది. నువ్వు నొక్కితే చాలు, ఆ మాత్రం చెయ్యగలవు కదా?"

సోంబరు నవ్వాడు. రాజకుమారి నవ్వలేదు. అయినా ఆ మనిషి అన్నది నిజమేనని ఆమెకు తెలుసు. ఆ సాయంత్రమే ఫోన్లో నాలుగు వీడియోలు చూసి అన్న ముందు కూర్చుంది.

"మన పాత లెన్సులన్నీ ఏటి సేత్తాం?" అన్నాడు.

"మద్దిన రింగేత్తే దీనికీ పడతాయంట."

"బేటరీ పూటకే అయిపోద్దంటన్నారు. కొండ మీద కరెంటెక్కడిదే?"

"మూడు కొనుక్కుందాం. బిస్కెట్ పేకట్టంత ఉంటాయి, మోయనేవేటి?"

"కన్నెట్టి సూత్తే మనిసి కనపడడు కుమారీ. టీవీలో బొమ్మ కనపడతాది."

"నువ్వు సూసేది బొమ్మే కదన్నా! అసలు దీని గొప్పేటో తెలుసా? శబ్దమే రాదంట. పక్కనోడికి కూడా తెలీదంట తీసినట్టు!"

ఈ మాట ఆమే అంది. వీడియోలో ఎవరో గొప్పగా చెబితే, అమ్మేవాడి కంటే గట్టిగా ఆమె చెప్పింది.

మర్నాడు ఇద్దరూ ఆ కెమెరా పట్టుకుని రేగుపుట్టు ఎక్కారు. ఊళ్లో మంగ్లు తాత పెద్ద ఫోటో కావాలని ఏడాదిగా అడుగుతున్నాడు. పోయాక ఇంట్లో పెట్టుకునే ఫోటోను అక్కడ పెద్ద ఫోటో అంటారు. బతికుండగానే, కాస్త ఓపిక ఉండగానే, కొత్త తువ్వాలు వేసుకుని దిగుతారు. మంగ్లు తాత తువ్వాలు వేసుకుని చూరు కింద స్టూలు మీద కూర్చున్నాడు. ఊపిరి పట్టాడు.

సోంబరు నొక్కాడు. ఏ చప్పుడూ లేదు. ముసలాయన కదల్లేదు. మళ్లీ నొక్కాడు. బుగ్గలు ఉబ్బాయి, కళ్లు ఎర్రబడ్డాయి.

"ఒరే, మా ముసిలోడు సచ్చిపోతాడు, బేగి తియ్యరా!" అని అతని భార్య సోములమ్మ కేకేసింది.

"తీసినాను తాతా, ఊపిరొదులు."

భుస్సున వదిలాడు మంగ్లు తాత. "ఏదీ? ఠప్పన్లేదే! మోసం సేత్తన్నావేట్రా?"

"ఇది కొత్తది తాతా. శబ్దం రాదు."

"శబ్దం రాకుంటే ఎలాగొత్తాది ఫోటో?"

మళ్లీ కూర్చోబెట్టారు. ఈసారి సోంబరు వేరే దారి లేక, నొక్కుతూనే నోటితో "ఠప్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. ముసలాయన మాత్రం నవ్వలేదు.

"నోటితో తీత్తావేట్రా ఫోటో? ఆ పాటిదానికి నువ్వెందుకు? నేనే తీసుకుంతాను. ఠప్! ఠప్! ఠప్! పట్టుకెల్లు, మూడు తీసినాను!" తువ్వాలు లాగి భుజాన పడేసుకుని లోపలికి పోయాడు.

కెమెరాలో పదకొండు ఫోటోలున్నాయి. పదకొండింటిలోనూ బుగ్గలుబ్బిన మనిషే. రెండో నొక్కుడులో కనిపించే మనిషి ఒక్కదానిలోనూ లేడు.

సోంబరు కెమెరా సంచీలో పెట్టి కొండ దిగాడు. రోడ్డు మీదకు వచ్చాక, "ఇది మనకొద్దు కుమారీ," అన్నాడు.

"ఒక ముసిలోడికి కోపమొచ్చిందని స్టూడియో మూసేత్తావా?"

"ఒకడు కాదు. ఈ కొండ మీద అందరూ అలాగే కూకుంతారు. నేనే నేర్పినాను."

"నేర్పినోడివి మాన్పించు! జంటలకి దీంతో తియ్యి, ఊరోళ్లకి దాంతో తియ్యి."

"రెండు కెమెరాలు మోసేటంత పనేటుంది మనకి? దీన్నిచ్చేత్తేనే కదా అది వొచ్చేది." అదీ నిజమే. పాతదాన్ని దుకాణానికి ఇచ్చేస్తే తప్ప కొత్తది చేతికి రాదు. ఒక్కటే ఉంటుంది. ఏదో తేల్చుకోవాలి.

"నీకు మనుసులొద్దు, నీ ఠప్పు కావాల," అంది రాజకుమారి. "మన అన్నం మీద ఊపిరి పట్టుకుని కూకున్నావు నువ్వు."

ఆ మాటతో ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించి, దుర్గాప్రసాద్ కెమెరాను సోంబరు మరునాడే తిరిగి ఇచ్చేశాడు. ఆ సీజన్ పని వేరేవాళ్లకు పోయింది. పదకొండో రోజున చింతపల్లి వైపు కార్డు ఫోటోల పని ఉందని తెలిసి జీపెక్కాడు.

కర్మ రోజున దుర్గాప్రసాద్ కారులో వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి, "అప్పుడే నా మాట విని మార్చుకుని ఉంటే ఇక్కడే తోటల్లో ఉండేవాడు కదమ్మా," అన్నాడు.

రాజకుమారి లేచి నిలబడింది. "అవును సార్. ఉండేవోడు. మీరు ఫోటో ఫోటోకీ కసిరితే నవ్వుతా ఉండేవోడు. ఆడు మీకు ఇరవై పెళ్లిళ్లు తీసినాడు. ఒక్క ఆల్బంలో ఆడి పేరెట్టినారా? ఇప్పుడొచ్చి సచ్చినోడికి బుద్ధులు సెప్తన్నారు. ఎల్లండి సార్, మంచు దిగితే ఘాట్‌లో దారి కనపడదు."

దుర్గాప్రసాద్ కారు తలుపు తీసుకునేదాకా ఆమె కూర్చోలేదు. కానీ అతను పోయాక కోపం నిలబడడానికి చోటు దొరక్క అన్న మీదికే తిరిగింది. గోడ మీద సోంబరు ఫోటో ఉంది. లైటు సరిచూడ్డానికి ఎప్పుడో ఆమె తీసిందే. ఊపిరి బిగబట్టి, పిడికిళ్లు మోకాళ్ల మీద పెట్టుకుని, రెప్ప వాల్చకుండా చూస్తున్నాడు. ఎంత ఫోటోగ్రాఫరైనా రేగుపుట్టు మనిషే కదా. ఆ రోజు ఆమె ఒక్కసారే నొక్కింది. రెండోది నొక్కాలని తెలిసీ, పని తొందరలో నొక్కలేదు.

శ్రావణంలో మంగ్లు తాత పోయాడు. అతనికి ఆ పదకొండు తప్ప వేరే ఫోటో లేదు. సోములమ్మ స్టూడియోకొచ్చి వాటిని ఒక్కొక్కటే చూసి, "ఈడెవడే? మా ముసిలోడు కాడు," అంది. అయినా అందులోదే ఒకటి కట్టించి ఇచ్చింది రాజకుమారి. ఆ పటం అద్దం తుడుస్తూ, "బాగానే ఉండాది, ఠప్పన్లేదని అలిగినట్టుండాది," అంది సోములమ్మ. నవ్వో ఏడుపో తెలియలేదు.

చలి మొదలయ్యేసరికి రాజకుమారి తేల్చుకుంది. స్టూడియో తనే నడపాలి. పాత కెమెరా సంచీలో వేసుకుని విశాఖపట్నంలో పెద్ద దుకాణానికి వెళ్లింది. కౌంటర్ వెనక మాధవి అనే అమ్మాయి. అద్దాల అరలో దుర్గాప్రసాద్ దగ్గర చూసిన కెమెరాయే కనిపించింది. అదే పేరు, అదే నంబరు. చేతికిస్తే, ఎదురుగా ఉన్న గోడవైపు తిప్పి నొక్కింది.

ఠప్.

రాజకుమారి దాన్ని కౌంటర్ మీద పెట్టేసింది. "ఇది శబ్దం చెయ్యదు కదా?"

"ఎందుకు చెయ్యదు మేడం? డబ్బా విప్పినప్పుడు శబ్దంతోనే వస్తుంది," అంది మాధవి. "మంత్రాలప్పుడు చప్పుడు వద్దంటారని పెళ్లిళ్లు తీసేవాళ్లు కొందరు ఆపేసి వాడతారు. ఇదుగో, మెనూలో రెండో పేజీ, నాలుగో వరుస. ఒక్కసారి నొక్కితే ఆగుతుంది. ఇంకోసారి నొక్కితే మళ్లీ వస్తుంది."