బాపు వంతు పాలబువ్వ

అరవైల మాట. మా బాపుకు కడుపు ఆపరేషన్ చేసి, నల్లగొండ దవాఖానలో ముక్కులోంచి కడుపులోకి ఎర్ర రబ్బరు గొట్టం వేశారు. ఇప్పటిలా గొట్టంలో పోసే ఆహారం తయారుగా వచ్చే డబ్బాలు, సంచులు అప్పుడెక్కడివి? పాలలో కోడిగుడ్డు, చక్కెర గిలక్కొట్టి, పలచటి గుడ్డలో వడకట్టి, గాజు గరాటులో కొద్దికొద్దిగా పోయాలి. వడకట్టడం అమ్మ పని. మగ్గం ఇంటి మనిషి, పడుగు నూలుకు పెట్టే గంజిలోనే ఏనాడూ ఉండ కట్టనివ్వలేదు, పాలలో కట్టనిస్తుందా? గరాటు ఎత్తిపట్టడం నా పని.

చిక్కల్లా అమ్మ తిండితోనే. పెళ్లయిన నాటి నుంచి బాపు తినకుండా ముద్ద ముట్టి ఎరగదు.

"గొట్టంల వోస్తే తిన్నట్టెట్లయితది? నోట్లె మెతుకు వడాలె," అనేది. వార్డులోని నర్సమ్మ తిట్టింది, నేను కసిరాను. వింటేనా! చాయ్ నీళ్లతో నెట్టుకొచ్చి, ఒకనాడు కళ్లు తిరిగి వరండాలో కూలబడింది.

నేను మాత్రం ఓ మూలకు పోయి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం తినేదాన్ని. ఆకలి రుచెరగదంటారు, సిగ్గు కూడా ఎరగదు. ఆ రోజు చేయి కడుక్కునే వచ్చాను. గరాటు ఎత్తబోతుంటే బాపు నా చేయి పట్టుకుని వాసన చూశాడు.

"ఉల్లిగడ్డ కారమా బిడ్డా? ఇంటికి వోయినంక నాకు గూడ జొన్నరొట్టె జేసి పెట్టు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నేను నోటితోని తిన్ననని మీ అమ్మకు జెప్పు. లేకుంటె నాకంటె ముందు గదే పోతది," అన్నాడు.

అమ్మ లోపలికి వచ్చేసరికి బాపు ఖాళీ నోరు నములుతున్నాడు. నమిలినప్పుడల్లా గొట్టం కదిలి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీ బాపు ఏం దిన్నడే?"

"పాలబువ్వ. నర్సమ్మ తినిపిచ్చింది," అన్నాను, నోటికొచ్చింది. పక్క మంచం దగ్గరున్న నర్సమ్మ కూడా తలూపింది. అమ్మ ఆ పూట కడుపునిండా తిన్నది. రోజూ అదే నాటకం ఆడాము.

బాపు ఇల్లు చేరలేదు. పుండు మానక దవాఖానలోనే పోయాడు. "పాలబువ్వ తినే పోయిండు, ఆకలితోని పోలేదు," అని అమ్మ అందరికీ చెప్పుకునేది. ఆమెకున్న ధైర్యం అదొక్కటే. దాన్ని చెరిపేయడానికి నాకు నోరు రాలేదు. చెప్పనందుకు కుమిలిపోతూనే ఉన్నాను.

పెద్దలకు పెట్టుకునే పెత్రమాస వచ్చిందంటే బాపు వంతు విస్తట్లో పాలబువ్వే. అమ్మ పోయినా తమ్ముడింట్లో అదే ఆనవాయితీ. పెద్దబిడ్డనని నాతోనే పెట్టిస్తారు. ఈ ఏడు కూడా నా చేత్తోనే వడ్డించాను. బాపు నన్ను అడిగింది జొన్నరొట్టె.