పెన్సిల్ టిక్కు

గ్రంథాలయం పుస్తకాల మీద రాయకూడదని నాకు తెలుసు. అయినా కంప్యూటరు పుస్తకం చదివేటప్పుడు, చేసి చూసిన ప్రతి పని పక్కనా పెన్సిలుతో సన్నగా టిక్కు పెట్టుకోవడం నాకు అలవాటు. తిరిగి ఇచ్చేముందు రబ్బరుతో తుడిచేస్తాను. ఇంటరుతో చదువు ఆగిపోయినవాణ్ణి. కొత్తపేట లైబ్రరీలో, పక్కన నిఘంటువు పెట్టుకుని, నాలుగు లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు పూర్తి చేసేనంటే ఆ టిక్కుల వల్లే. ఆ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా చెప్పేవాణ్ణి.

మా వీధిలో ఒకప్పుడు పెళ్లిళ్లకి వీడియోలు తీసిన బాబాయిగారు ఒకాయన ఉన్నారు. చుట్టరికం లేదు, పిలుపే. ఆయన పాత క్యాసెట్ కెమెరాకి బుల్లితెర ఎప్పుడో పోయింది, టీవీకి తగిలించే చోటూ పాడయింది. అందులో క్యాసెట్ చూడాలంటే ఒకటే దారి: ల్యాప్‌టాప్ పక్కనున్న గాడిలో ఒక చిన్న కార్డు దూర్చి, కెమెరా వైరు ఆ కార్డుకి తగిలించాలి. ల్యాప్‌టాప్ మరీ నెమ్మదించిందంటే, నేనే పట్టుబట్టి దాన్ని నడిపించే పాత ప్రోగ్రామంతా తీసేసి లినక్స్ ఎక్కించేను. ఇది ఊరికే దొరుకుతుందండి, ఎవరైనా లోపల చూసి మార్చుకోవచ్చండి అని ఉపన్యాసం కూడా ఇచ్చేను. ఆ ఊపులోనే, అప్పట్లో చదువుతున్న లినక్స్ పుస్తకంలో భద్రత గురించిన ఆరో అధ్యాయం మొదట్నించి చివరిదాకా దాని మీద చేసేసేను, టిక్కులు పెట్టుకుంటూ.

నెల తిరక్కుండా, రేవు దగ్గరుండే పిన్నిగారొకావిడ, ఈవిడా పిలుపుకే పిన్ని, బాబాయిగారింటికి వచ్చేరు. ఆవిడ భర్త గోదావరి మీద పంటు నడిపేవారు. పోయి చాలా ఏళ్లయింది. ఒకసారి పెళ్లివారు ఆ పంటు మీద ఏరు దాటుతుంటే బాబాయిగారు వీడియో తీసేరు.

"అందులో మా ఆయన ఏదో అంటారు బాబూ. పెళ్లివారంతా పడీపడీ నవ్వుతారు. ఆ మాటేంటో మర్చిపోయేను," అన్నారావిడ. మళ్లీ తనే, "గొంతు కూడా మర్చిపోతన్నాను," అన్నారు.

క్యాసెట్ దొరికింది. కార్డు దూర్చి, కెమెరా తగిలించేం. కెమెరా కనబడలేదు. ల్యాప్‌టాప్ చూపించే జాబితాలో కార్డు పేరు ఉంది గానీ, దాన్ని నడిపించే డ్రైవరు, అంటే కార్డుకీ ల్యాప్‌టాప్‌కీ మధ్య మాట్లాడిపెట్టే చిన్న ప్రోగ్రాము, లేవలేదు. లేపమని ఆజ్ఞ టైపు చేసేను. తప్పు అని రాలేదు, ఏమీ రాలేదు. ఊరుకుంది.

"మొన్నటిదాకా పనిచేసిందే కదోయ్. నీ లినక్స్ గానీ మింగేసిందేవో?" అన్నారు బాబాయిగారు.

పిన్నిగారి ముందు ఆ మాట నాకు గుచ్చుకుంది. "లినక్స్ కాదండి. ఉప్పుగాలికి కార్డు పోయింది," అన్నాను. జాబితాలో పేరు కనబడితే కార్డు బతికున్నట్టే. అది నేను చదివిందే. తెలిసి తెలిసి ఆ మాటన్నాను.

"ఆయ్. లైబ్రరీ అంతా నమిలేసినోడివి, నువ్వు చెప్పేక ఇంకేవుంది," అని ఆయన క్యాసెట్‌ని మళ్లీ రేకుపెట్టెలో పెట్టేసేరు. అలాంటి కార్డు అమలాపురంలో ఎవరి దగ్గరా దొరకలేదు. ఆ ఏడు వానలు వదల్లేదు. గోడలు చెమర్చేయి.

వానలు వెలిసేక, వేరే పని మీద లైబ్రరీలో అదే పుస్తకం తీసేను. ఆరో అధ్యాయంలో ఒక్క టిక్కు తుడవకుండా ఉండిపోయింది. దాని ఎదురుగా ఉన్న లైను ఇది: ఇలాంటి కార్డుకి వైరు తగిలించి ఎవరైనా సమాచారం లాగేయవచ్చు, కాబట్టి ఈ డ్రైవరుని ఎవరు పిలిచినా లేవనివ్వకు. అదే లైను నా చేత్తో బాబాయిగారి ల్యాప్‌టాప్‌లో రాసేను. రాసి మర్చిపోయేను.

రబ్బరు జేబులోనే ఉంది. తుడవలేదు.

తిన్నగా బాబాయిగారింటికి వెళ్లి ఆ లైను తీసేసేను. కెమెరా వెంటనే పలికింది. కబురందుకుని పిన్నిగారు ఆటోలో వచ్చేరు.

క్యాసెట్‌కి బూజు పట్టింది. బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి వస్తోంది. పంటు మీద ఆయన తల తిప్పి నోరు తెరిచేరు. పెళ్లివారు నవ్వేరు. మాట లేదు. నవ్వూ వినబడలేదు.

"తేమకి పాడయిందండి," అన్నారు బాబాయిగారు.

పిన్నిగారు నా వైపు తిరిగి, "నువ్వేం చేస్తావు బాబూ. చచ్చిన కార్డుని బతికించేవు, అంతే చాలు," అన్నారు.

"అది చావలేదండి. నేనే కట్టేసేను. నా తప్పు ఒప్పుకోలేక, పోయిందని చెప్పేను."

"అప్పుడే చూసుంటే మాట వినిపించేదా?"

ఏమో తెలీదండి అనే మాట నోటిదాకా వచ్చింది. "వినిపించేదేనండి," అన్నాను.

బాబాయిగారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయేరు. పిన్నిగారు కుర్చీ ల్యాప్‌టాప్‌కి దగ్గరగా జరుపుకున్నారు.

"ఆ నవ్వే చోటు మళ్లీ వెయ్యి."

వేసేను. ఆయన నోటి కదలికను బట్టి ఆవిడ తన పెదాలు కదుపుతూ చూసేరు. ఏ మాటా కుదరలేదు.

"మళ్లీ," అన్నారు.