పదో గ్రహానికి తెల్లగుడ్డ

తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మన సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ ఒక గ్రహం తిరుగుతోందని తొంభై ఐదులో పేపర్లో పడింది. అప్పుడు నేను డిగ్రీలో ఫిజిక్స్ చదువుతున్నాను. అక్కడ ఏడాదంటే మన లెక్కన నాలుగు రోజులేనట. ఆ నక్షత్రం వెలుగు మన దాకా రావడానికి యాభై ఏళ్లు పడుతుందట. సంబరం పట్టలేక, అన్నం తింటున్న నాన్నకు చదివి వినిపించాను.

నాన్న రేవులో కలాసీ. బొగ్గు ఓడల దగ్గర పని. మా ఇల్లూ రేవు పక్కనే. ఆయనకు చాలాకాలంగా దగ్గు. ఛాతీ డాక్టరుకి చూపిద్దామంటే, ముందు నవగ్రహ శాంతి అన్నాడు. అదీ అయింది, దగ్గు తగ్గలేదు. సరిగ్గా అప్పుడే నా వార్తను తీసుకెళ్లి, ఆ శాంతి చేయించిన పంతులు చెవిన వేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆయనకు మంచి సాకు దొరికింది.

"తొమ్మిదింటికీ చేశాం, తగ్గలేదు. అంటే పీడించేది ఈ పదోదే."

"అది మన సూర్యుడి చుట్టూ తిరగదండీ. వేరే నక్షత్రానిది," అన్నాను.

"ఎవరి చుట్టూ తిరిగితేనేం తల్లీ, కీడు కీడే," అన్నాడు. నాన్న దండం పెట్టేశాడు.

మళ్లీ శాంతి పెట్టారు, ఈసారి తొమ్మిది ధాన్యపు కుప్పల పక్కన పదోది పోశారు. దానికి ఏ ధాన్యమో శాస్త్రంలో లేదు కాబట్టి సగ్గుబియ్యం! రంగూ తెలీదు కాబట్టి తెల్లగుడ్డ! మిగతా తొమ్మిది గుడ్డలూ పంతులు దానం పట్టుకుపోయాడు. ఈ ఒక్కటి మాత్రం మా గుమ్మానికి కట్టాలట, దోషం లాగుతుందట. అందాకా ఇంగ్లీషు మందు ముట్టకూడదట. ఎక్కడి గ్రహం, ఎక్కడి దగ్గు! వెలుగే అంత ఆలస్యంగా వచ్చే చోటి నుంచి కీడు మాత్రం మా గుమ్మం వెతుక్కుంటూ వచ్చిందా?

వారం తిరిగేసరికి గుడ్డ నల్లబడింది. మా వీధిలో ఆరేసిన ఏ గుడ్డ నల్లబడదు గనక? దాన్ని పీకి నాన్న ముందు పడేశాను. వేలితో రుద్ది, ఆ వేలు ఆయన కళ్లముందు పెట్టాను.

"బొగ్గు నాన్నా ఇది! నీ ఊపిరితిత్తుల్లో ఉన్నదీ ఇదే. నడు, ఇయ్యాలే ఆస్పత్రికి పోదాం."

నాన్న గుడ్డను అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహం వెలిగిపోయింది.

"సూసినావా, దోసమంతా ఎలా లాగీసిందో! ఇంక ఆస్పత్రెందుకమ్మా?"

గట్టిగా అరవబోయాను. ఈలోగా ఆయనకు దగ్గు తెర వచ్చింది. ఆ గుడ్డతోనే నోరు తుడుచుకున్నాడు.